సన్నని గొట్టాల్లో అల్ట్రాసౌండ్: కలపడం ఎక్కడ, స్ఫటికం పుట్టించడం ఎక్కడ

పల్లాడియం ఉత్ప్రేరకంతో కార్బన్, నైట్రోజన్‌ల మధ్య బంధం కట్టడం మందుల కెమిస్టులకు రోజూ ఉండే పని. ఈ చర్యలో కావలసిన పదార్థంతో పాటు ఉప్పు కూడా పుడుతుంది. ఆ ఉప్పు ఆర్గానిక్ సాల్వెంట్‌లో కరగదు. పెద్ద రియాక్టర్‌లో అయితే దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్టిర్రర్ తిరుగుతూనే ఉంటుంది, చివర్లో ఫిల్టర్ చేసేస్తారు. అదే చర్యను అర మిల్లీమీటరు గొట్టంలో నడిపితే మాత్రం కాసేపటికే ఉప్పు పేరుకుని గొట్టం చోక్ అవుతుంది, పంపు ప్రెజర్ ఎగబాకుతుంది, ప్రయోగం అక్కడితో ఆగిపోతుంది. 2011లో అమెరికాలోని ఎంఐటీలో క్లావ్స్ జెన్సన్ బృందం ఈ చిక్కుకు ఒక దారి చూపింది. టెఫ్లాన్ పలకలు పేర్చి చేసిన చిన్న రియాక్టర్‌లోనే కరెంటు ఇస్తే కంపించి అల్ట్రాసౌండ్ (చెవికి వినపడనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం) పుట్టించే ఒక పీజోఎలక్ట్రిక్ బిళ్లను అమర్చింది. రకరకాల ఫ్రీక్వెన్సీలు ప్రయత్నించాక 50 కిలోహెర్ట్జ్, 30 వాట్ల దగ్గర పని బాగా జరుగుతుందని తేలింది. ఉప్పు పుడుతూనే ఉంది, కానీ గొట్టం మూసుకుపోలేదు. చర్య కూడా తక్కువ సమయంలో పూర్తయింది.

ఆ తర్వాత సన్నని గొట్టం, అల్ట్రాసౌండ్ జోడీ మీద ఆసక్తి బాగా పెరిగింది. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం, చైనాలోని దాలియన్ కెమికల్ ఫిజిక్స్ సంస్థ, లండన్ యూనివర్సిటీ కాలేజ్ లాంటి చోట్ల దీని మీద చాలా పరిశోధన జరిగింది. అల్ట్రాసౌండ్ ద్రవాలను బాగా కలుపుతుంది, స్ఫటికాలను త్వరగా పుట్టిస్తుంది, గొట్టం చోక్ కాకుండా చూస్తుంది అని మామూలుగా చెబుతారు. మూడూ నిజమే. అయితే మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే అసలు సంగతి కనపడకుండా పోతుంది. రెండు ద్రవాలు పూర్తిగా కలవడానికి కొంత సమయం పడుతుంది, మొదటి స్ఫటికం పుట్టడానికి కొంత సమయం పడుతుంది. వీటిలో ఏది ముందు ముగుస్తుందన్న దాన్ని బట్టే చేతికొచ్చే పొడి నాణ్యత ఉంటుంది. అల్ట్రాసౌండ్ ఈ రెండు సమయాలనూ తగ్గిస్తుంది. కాబట్టి ఎన్ని వాట్లు ఇస్తున్నామన్న దానికంటే, గొట్టంలో ఏ చోట ఇస్తున్నామన్నదే ఎక్కువ ముఖ్యం.

ఇంత సన్నగా ఎందుకు

మైక్రోరియాక్టర్ అంటే వంద మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి ఒక మిల్లీమీటరు దాకా వెడల్పున్న కాలువలో చర్య జరిపే పరికరం. మీటరు వ్యాసం ఉన్న పెద్ద రియాక్టర్‌లో ఒక ఘనపు మీటరు ద్రవానికి సుమారు 4 చదరపు మీటర్ల గోడ తగులుతుంది. అర మిల్లీమీటరు గొట్టంలో అంతే ద్రవానికి 8,000 చదరపు మీటర్లు తగులుతుంది. అందుకే చర్యలో పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. నైట్రేషన్ లాంటి భయపెట్టే చర్యల్లో కూడా ఏ క్షణంలో చూసినా లోపల ఉండే పదార్థం కొన్ని గ్రాములే. ప్రమాదం జరిగినా దాని తీవ్రత చిన్నది. ఫ్లో కెమిస్ట్రీ (గొట్టంలో ద్రవం పారుతుండగానే చర్య జరపడం) వైపు మందుల కంపెనీలు చూడటానికి ఇదే మొదటి కారణం.

ఈ లాభానికి ఒక ధర చెల్లించాలి. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్లు పారించి, మధ్యలో సన్నటి రంగు ధార వదిలి చూశారు. వేగం తక్కువగా ఉన్నప్పుడు రంగు గీత చెదరకుండా నేరుగా సాగింది. వేగం పెరిగాక సుడులు పుట్టి రంగు నీళ్లంతా పాకింది. ఈ మార్పును సూచించే అంకెనే ఇప్పుడు రేనాల్డ్స్ సంఖ్య అంటున్నాం. గొట్టంలో అది సుమారు 2,000 దాటితే సుడులు మొదలవుతాయి. అర మిల్లీమీటరు గొట్టంలో సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో నీళ్లు పారితే ఆ సంఖ్య 25 మాత్రమే. అంటే సుడులు పుట్టే ప్రసక్తే లేదు. పక్కపక్కన ప్రవేశించిన రెండు ద్రవాలు పక్కపక్కనే సాగుతాయి. వాటి అణువులు ఒక దాని నుంచి మరొక దానిలోకి వ్యాపనం ద్వారా మాత్రమే, అంటే వాటంతట అవి నెమ్మదిగా చొచ్చుకుంటూ వెళ్లాలి.

ఆ నెమ్మది ఎంతో లెక్కవేయవచ్చు. నీళ్లలో చిన్న అణువుల వ్యాపన గుణకం సెకనుకు ఒక చదరపు మీటరులో వందకోట్లో వంతు. అర మిల్లీమీటరు గొట్టంలో ఒక్కో ధార మందం పావు మిల్లీమీటరు. దాన్ని దాటడానికి అణువుకు సుమారు ఒక నిమిషం పడుతుంది. గొట్టం పొడవు ఒక మీటరు అయితే ద్రవం లోపల ఉండేది 20 సెకన్లే. పూర్తిగా కలవకముందే బయటికి వచ్చేస్తుందన్నమాట. గొట్టాన్ని పదోవంతు వెడల్పుకు తగ్గిస్తే వ్యాపన సమయం వందో వంతుకు, అంటే అర సెకను చిల్లరకు పడిపోతుంది. కానీ అంతే పరిమాణం ద్రవాన్ని అందులోంచి తోయాలంటే ప్రెజర్ పది వేల రెట్లు కావాలి. సన్నబరచడానికి ఒక హద్దు ఉందని ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

గొట్టం అడుగున వాలుగా గాళ్లు చెక్కి ద్రవాన్ని మెలితిప్పే పద్ధతి ఒకటి ఉంది. 2002లో హార్వర్డ్ పరిశోధకులు ప్రకటించిన చేపముల్లు ఆకారపు గాళ్లు చాలా పేరు తెచ్చుకున్నాయి. స్వచ్ఛమైన ద్రవాలకు అది చక్కటి పరిష్కారం. పొడి పుట్టే చర్యల్లో మాత్రం ఆ గాళ్లే పొడికి గూళ్లుగా మారతాయి. గోడ నున్నగా ఉండాలి, అయినా లోపల కలకలం పుట్టాలి అన్నప్పుడు బయటినుంచి శక్తి ఇవ్వక తప్పదు.

పని చేసేది బుడగ

పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో పీజోఎలక్ట్రిక్ ధర్మాన్ని కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాల్ లాంజెవిన్ జలాంతర్గాముల జాడ పట్టడానికి క్వార్ట్జ్ ముక్కలను ఉక్కు పలకల మధ్య బిగించి అల్ట్రాసౌండ్ పుట్టించారు. ఇవాళ ల్యాబుల్లో వాడే అల్ట్రాసౌండ్ పరికరాల్లో చాలా వాటిని లాంజెవిన్ ట్రాన్స్‌డ్యూసర్లనే పిలుస్తారు. క్వార్ట్జ్ స్థానంలో ఇప్పుడు సీసం, జిర్కోనియం, టైటానియం ఉన్న సిరామిక్ వచ్చింది, అంతే తేడా. రసాయన చర్యల మీద అల్ట్రాసౌండ్ ప్రభావాన్ని 1927లో అమెరికాలో రిచర్డ్స్, లూమిస్ వివరించారు. అంటే ఈ విద్య కొత్తది కాదు. దాన్ని వెంట్రుకవాసి గొట్టాల్లోకి తేవడమే కొత్త.

నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్ల వేగంతో వెళ్తుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాని తరంగ దైర్ఘ్యం 74 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు గొట్టం ముందు అదెంతో పెద్దది. కాబట్టి గొట్టం అడ్డకొలతలో ఒక చోట ఎక్కువ పీడనం, మరో చోట తక్కువ పీడనం ఉండే అవకాశం లేదు. ఉన్న ద్రవమంతా ఒకేసారి నొక్కుకుంటుంది, ఒకేసారి సడలుతుంది. అలా అయితే కలపడం ఎలా సాధ్యం? ద్రవంలో బుడగ ఉంటేనే.

బుడగ పీడనానికి వెంటనే స్పందిస్తుంది. 1933లో మిన్నార్ట్ ఇచ్చిన సూత్రం ప్రకారం ప్రతి బుడగకూ దాని పరిమాణాన్ని బట్టి ఒక సహజ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. నీళ్లలో 20 కిలోహెర్ట్జ్‌కు సరిపోయే బుడగ వ్యాసార్థం దాదాపు 160 మైక్రాన్లు, 50 కిలోహెర్ట్జ్‌కు 65 మైక్రాన్లు, 1 మెగాహెర్ట్జ్‌కు 3 మైక్రాన్ల చిల్లర. ఈ అంకెలను గొట్టం కొలతలతో పోల్చి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. 20 కిలోహెర్ట్జ్ బుడగ వ్యాసం 0.3 మిల్లీమీటర్లు దాటుతుంది. అర మిల్లీమీటరు గొట్టంలో అది దాదాపు మూడింట రెండు వంతుల వెడల్పు ఆక్రమిస్తుంది, పావు మిల్లీమీటరు గొట్టంలో పట్టనే పట్టదు. గోడల మధ్య ఇరుక్కున్న బుడగకు మిన్నార్ట్ సూత్రం కచ్చితంగా వర్తించదు కూడా, దాని సహజ ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. పెద్ద ట్యాంకులో బాగా పనిచేసిన ఫ్రీక్వెన్సీని తెచ్చి సన్నని గొట్టానికి బిగిస్తే ఫలితం రాకపోవడానికి ఒక కారణం ఇక్కడ ఉంది. ఇంకో కారణం బుడగ పుట్టుక. ఒక మైక్రాన్ వ్యాసార్థమున్న బుడగ లోపలికి కుంచించుకుపోకుండా నిలవాలంటే నీటి తలతన్యతను ఎదిరించి దాదాపు 1.4 అట్మాస్ఫియర్ల అదనపు పీడనం కావాలి. నున్నటి గోడలు, గాలి తీసేసిన శుభ్రమైన సాల్వెంట్, కొద్దిపాటి ద్రవం ఉన్న చోట బుడగ మొలకెత్తడానికి ఆధారమే దొరకదు. పెద్ద పాత్రలో ధూళి, గీతలు, కరిగిన గాలి ఎప్పుడూ ఉంటాయి. మైక్రోరియాక్టర్‌లో వాటిని మనమే ఏర్పాటు చేయాలి.

అలా ఏర్పాటు చేసినప్పుడు వచ్చిన ఫలితాలు నిజంగా గొప్పవి. 2009లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో టోనీ హువాంగ్ బృందం కాలువలో గుర్రపునాడా ఆకారపు చిన్న గూడు కట్టి అందులో ఒకే ఒక గాలిబుడగను నిలబెట్టింది. శబ్దం ఇవ్వగానే బుడగ అంచు కంపించి చుట్టూ సుడులు పుట్టించింది. రెండు ధారలు కొన్ని మిల్లీసెకన్లలో కలిసిపోయాయి. 2010లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఫెర్నాండెజ్ రివాస్, సహ పరిశోధకులు సిలికాన్ పలక మీద మైక్రాన్ల కొలతలో గుంటలు చెక్కి వాటిలో గాలి నిలిపారు. బుడగలు ఆ గుంటల దగ్గరే పుట్టాయి. తక్కువ శక్తితో ఎక్కువ రసాయన ఫలితం వచ్చింది. దాలియన్ బృందం ఇంకో దారి పట్టింది. గ్యాస్‌నే బుడగల వరుసగా గొట్టంలోకి పంపి, 20 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్‌ను నేరుగా కాలువ పలకకు బిగించింది. బుడగల ఉపరితలం మీద అలలు లేచాయి, గ్యాస్ ద్రవంలోకి చేరే వేగం మూడు రెట్లకు పైగా పెరిగింది. ఈ మూడింటిలోనూ బుడగ ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించారు, శక్తిని దాని దగ్గరికే పంపారు. అల్ట్రాసౌండ్ బాత్‌లో (అల్ట్రాసౌండ్ ఇచ్చే నీటి తొట్టిలో) గొట్టం చుట్టను ముంచి ఎంతో కొంత లాభం రాబట్టే పద్ధతికీ దీనికీ చాలా తేడా ఉంది. బాత్‌లో మొదటి ఫలితం రావచ్చు. అదే ఫలితం మర్నాడు రావడం కష్టం. నీటి మట్టం, వేడి, చుట్ట ఉన్న స్థానం మారితే లోపలికి చేరే శక్తి కూడా మారిపోతుంది.

బుడగ చేసే పని రెండు రకాలు. మెల్లగా ఉబ్బి తగ్గే బుడగ చుట్టూ సుడి ప్రవాహం పుట్టిస్తుంది. కలపడానికి అది చాలు. పీడనం ఇంకా పెరిగితే బుడగ ఒక్కసారిగా కూలుతుంది. కూలే క్షణంలో లోపలి ఉష్ణోగ్రత 5,000 కెల్విన్ల దాకా వెళ్తుందని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ సస్లిక్ బృందం కొలిచి చెప్పింది. గోడ పక్కన కూలితే గోడవైపు సన్నటి ద్రవ ధార దూసుకెళ్తుంది, షాక్ తరంగం పుడుతుంది. గోడకు అంటుకున్న పొరను గీకేది ఇదే. స్ఫటికాన్ని పుట్టించేది, విరగ్గొట్టేది కూడా ఇదే. నీళ్లలో ఇది రాడికల్స్‌ను, అంటే దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువుల ముక్కలను కూడా పుట్టిస్తుంది. సున్నితమైన మందు అణువుల విషయంలో ఈ చివరి సంగతిని తేలికగా తీసుకోకూడదు. కలపడానికి మాత్రమే అల్ట్రాసౌండ్ కావాలనుకున్న చోట కూలే బుడగలు అవసరం లేదు, కంపించే బుడగలు సరిపోతాయి.

మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల సంగతి వేరు. 2 మెగాహెర్ట్జ్ దగ్గర అర తరంగం 0.37 మిల్లీమీటర్లు, అంటే కాలువ వెడల్పులో సరిగ్గా ఇమిడిపోతుంది. అప్పుడు నిలిచిన తరంగం ఏర్పడి ద్రవంలోని రేణువులను గోడల నుంచి లాగి కాలువ నడిమధ్యకు చేరుస్తుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో థామస్ లౌరెల్ బృందం ఈ పద్ధతితో రక్తకణాలను వేరుచేయడంలో చాలా కృషి చేసింది. స్ఫటికాలకూ ఇది పనికొస్తుంది. అయితే ఒకటి రెండు మైక్రాన్ల కంటే చిన్న రేణువులు దీనికి లొంగవు. శబ్దం వల్ల ద్రవంలో పుట్టే నెమ్మది ప్రవాహాలు వాటిని తమవెంట లాక్కుపోతాయి.

మొదటి స్ఫటికం కోసం ఎదురుచూపు

ద్రావణంలో కరిగే హద్దుకు మించి పదార్థం ఉన్నంతమాత్రాన స్ఫటికం పుట్టదు. చక్కెర పాకం కదపకుండా చల్లారితే చాలాసేపు పాకంలాగే ఉంటుంది, గరిటెతో తిప్పితే పలుకులు తేలుతుంది. అణువులు గుంపుకట్టి ఒక కీలక పరిమాణం దాటితేనే ఆ గుంపు నిలుస్తుంది, లేకపోతే తిరిగి కరిగిపోతుంది. ఆ హద్దు దాటడం యాదృచ్ఛికంగా జరిగే ఘటన. ఎప్పుడు జరుగుతుందో కచ్చితంగా చెప్పలేం, సగటున ఎంతసేపు పడుతుందో మాత్రమే చెప్పగలం.

ఈ యాదృచ్ఛికతే మైక్రోరియాక్టర్‌కు పెద్ద తలనొప్పి. ఒక ద్రావణంలో మిల్లీలీటరుకు సెకనుకు సగటున ఒక బీజం, అంటే అలా నిలిచిన గుంపు ఒకటి పుడుతుందనుకుందాం. ఒక లీటరు పాత్రలో సెకనుకు వెయ్యి బీజాలు పుడతాయి. పుట్టుక యాదృచ్ఛికమైనా ఆ పెద్ద సంఖ్యలో తేడా కనపడదు. అదే ద్రావణాన్ని 100 నానోలీటర్ల బిందువులుగా విడగొడితే ఒక్కో బిందువులో మొదటి బీజం కోసం సగటున 10,000 సెకన్లు, అంటే దాదాపు మూడు గంటలు ఆగాలి. కొన్ని బిందువుల్లో పావుగంటలోనే రావచ్చు, కొన్నింటిలో పూటంతా రాకపోవచ్చు. ద్రవమంతా ఒకేలా వేడెక్కుతూ, ఒకేలా చల్లారుతూ, ఒకే వేగంతో పారుతున్నా స్ఫటికాలు మాత్రం ఒకేలా రావు. చిన్నదనం ఇచ్చిన క్రమశిక్షణ అంతా ఈ ఒక్క చోట చేజారుతుంది.

అల్ట్రాసౌండ్ అసలు విలువ ఇక్కడే ఉందన్నది ఈ వ్యాసం వాదన. కలపడానికి ఇతర మార్గాలు ఉన్నాయి. గొట్టం చోక్ కాకుండా ఉండటానికి నూనెలో బిందువులుగా పంపడం లాంటి ఉపాయాలు ఉన్నాయి. బయటి పదార్థమేమీ కలపకుండా, కోరిన చోట కోరిన క్షణంలో బీజం పుట్టించే మార్గాలు మాత్రం చాలా తక్కువ. లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు నైలాన్ తయారీలో వాడే అడిపిక్ ఆమ్లాన్ని తీసుకుని, బిందువుల వరుస మీద అల్ట్రాసౌండ్ ఇచ్చి నిరంతరంగా స్ఫటికాలు తీయవచ్చని 2015లో చూపారు. ప్రతి బిందువూ ఒకే చోట శబ్దం తాకిడికి గురవుతుంది కాబట్టి అన్నింటిలో స్ఫటికం వయసు దాదాపు ఒకటే. వయసు ఒకటైతే పరిమాణమూ దగ్గర దగ్గరగా ఉంటుంది.

కూలే బుడగ బీజాన్ని ఎలా పుట్టిస్తుందన్న విషయంలో మాత్రం శాస్త్రజ్ఞుల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. కూలిన క్షణంలో పుట్టే అధిక పీడనం కరిగే హద్దును తగ్గిస్తుందని కొందరు అంటారు. సాల్వెంట్ బుడగలోకి ఆవిరై దాని ఉపరితలం దగ్గర ద్రావణం చిక్కబడుతుందని మరికొందరు, పీడన తేడా వల్ల బరువైన అణువులు ఒకవైపు చేరతాయని ఇంకొందరు. షాక్ తరంగాలు ఉన్న స్ఫటికాలను విరగ్గొట్టి కొత్త బీజాలుగా మారుస్తాయన్నది మరో వివరణ. ఈ చివరిదానికి గట్టి ఆధారం ఉంది. 2011లో జైగర్, సస్లిక్ ఆస్పిరిన్ స్ఫటికాలతో చేసిన ప్రయోగాల్లో, స్ఫటికాలు ఒకదానికొకటి గుద్దుకోవడం వల్ల కంటే షాక్ తరంగం నేరుగా తగలడం వల్లే విరుగుతున్నాయని తేలింది. ఏ వివరణ తీసుకున్నా అన్నింటికీ మూలం బుడగే. సాధారణంగా తక్కువ ఫ్రీక్వెన్సీలే బీజాలు పుట్టించడంలో మెరుగ్గా ఉండటానికి కారణం అదే. అక్కడ బుడగలు పెద్దవిగా ఎదిగి గట్టిగా కూలుతాయి.

ఇప్పుడు మొదట చెప్పిన పోటీ దగ్గరికి రావచ్చు. మందుల తయారీలో స్ఫటికం తీసే ఒక మామూలు దారి యాంటీసాల్వెంట్. మందు కరిగి ఉన్న ఆల్కహాల్‌లోకి నీళ్లు చేరిస్తే కరిగే హద్దు పడిపోయి మందు బయటికి వస్తుంది. నీళ్లు తగిలిన అంచు దగ్గర ద్రావణం ఒక్కసారిగా అతిసంతృప్తం అవుతుంది, కాస్త అవతల ఇంకా మామూలుగానే ఉంటుంది. కలపడం పూర్తికాకముందే బీజాలు పుడితే అంచు దగ్గర గుంపులుగా సన్నటి పొడి, మిగతా చోట కొన్ని పెద్ద స్ఫటికాలు వస్తాయి. రెండు ధారలు కలిసే మలుపు దగ్గరే బలమైన అల్ట్రాసౌండ్ ఇస్తే కలపడమూ వేగవంతం అవుతుంది, బీజం పుట్టుకా వేగవంతం అవుతుంది. రెండో దానికే ఎక్కువ లాభం కలిగితే శక్తి పెట్టి మరీ పొడిని పాడుచేసుకున్నట్టే. అందుకని గొట్టాన్ని మూడు భాగాలుగా ఆలోచించడం మంచిది. మలుపు దగ్గర బుడగలు కూలని స్థాయిలో, కలపడానికి సరిపడా మాత్రమే శబ్దం. కలిసిన తర్వాత కొంచెం దూరంలో, చిన్న నిడివిలో, బలంగా కొట్టే శబ్దం. ఆ తర్వాత స్ఫటికం ఎదగడానికి శబ్దం లేని పొడవైన గొట్టం. ఒకే ట్రాన్స్‌డ్యూసర్ మీద గొట్టం మొత్తాన్ని చుట్టేసే అలవాటు ఈ మూడు పనులనూ కలగాపులగం చేస్తుంది. ఎదిగే స్ఫటికాన్ని చివరిదాకా కొడుతూ ఉంటే అది విరుగుతూనే ఉంటుంది.

కలపడం పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక నమ్మకమైన పరీక్ష ఉంది. అయోడైడ్, అయోడేట్, బోరేట్ ఉన్న ద్రావణంలోకి కొంచెం ఆమ్లం పంపుతారు. ఆమ్లం వెంటనే సమంగా కలిస్తే బోరేట్ దాన్నంతా మింగేస్తుంది, రంగు రాదు. కలపడం ఆలస్యమై ఎక్కడైనా ఆమ్లం గుంపుగా మిగిలితే అయోడిన్ పుట్టి పసుపు రంగు వస్తుంది. ఎంత రంగు వచ్చిందో స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిస్తే కలపడంలో లోపం అంకెల్లో తెలుస్తుంది. విల్లెర్మో–డష్మన్ పరీక్ష అని దీన్ని పిలుస్తారు. స్ఫటికాల పనికి అల్ట్రాసౌండ్ బిగించే ముందు ఈ పరీక్ష చేయకపోవడం పెద్ద లోపం. పొడి బాగా రాకపోతే తప్పు కలపడంలో ఉందో, బీజంలో ఉందో తేల్చుకునే దారి ఉండదు.

మందులో స్ఫటిక రూపం (అవే అణువులు స్ఫటికంలో పేర్చుకునే తీరు) ఎంత ముఖ్యమో రిటోనవిర్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. అబాట్ కంపెనీ 1996లో మార్కెట్‌కు తెచ్చిన ఈ హెచ్‌ఐవీ మందులో 1998లో, అప్పటిదాకా కనపడని, చాలా తక్కువగా కరిగే కొత్త స్ఫటిక రూపం బయటపడింది. క్యాప్సూళ్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బీజం పుట్టే చోటును మార్చే ఏ సాధనమైనా స్ఫటిక రూపాన్ని కూడా మార్చవచ్చు. అల్ట్రాసౌండ్ కొన్ని పదార్థాల్లో స్థిరమైన రూపం వైపు, కొన్నింటిలో అస్థిరమైన రూపం వైపు మొగ్గు చూపుతుంది. అన్నింటికీ వర్తించే సూత్రం లేదు. ప్రతి మందుకూ ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో చూసి తేల్చుకోవాల్సిందే.

వేడి, పరిమాణం, బల్క్ డ్రగ్ ప్లాంట్

అర మిల్లీమీటరు గొట్టంలో సెకనుకు 5 సెంటీమీటర్ల వేగమంటే నిమిషానికి 0.6 మిల్లీలీటర్లు. ఇంత తక్కువ ద్రవానికి 3 వాట్ల శబ్దశక్తి చేరి అంతా వేడిగా మారినా నీళ్లు 70 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. స్ఫటికం తీయాలని పెట్టిన శబ్దమే వేడితో ఆ స్ఫటికాన్ని తిరిగి కరిగించేస్తుంది. అందుకే కాలువ పలకను చల్లబరచాలి, శబ్దాన్ని నిరంతరంగా కాకుండా విడతలు విడతలుగా ఇవ్వాలి. సిరామిక్ బిళ్ల కూడా వేడెక్కితే దాని సహజ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. జనరేటర్ దాన్ని పసిగట్టి తన ఫ్రీక్వెన్సీని సర్దుకోకపోతే, మీటరు మీద అవే వాట్లు కనిపిస్తున్నా ద్రవానికి చేరేది తగ్గిపోతుంది. ప్రచురితమైన ప్రయోగాలను పోల్చి చూడటం కష్టమవడానికి ఇదొక ముఖ్య కారణం. ప్లగ్ దగ్గర కొలిచిన వాట్లు ఒకటి, ద్రవం వేడెక్కడాన్ని బట్టి లెక్కించిన వాట్లు మరొకటి.

గొట్టం చోక్ కావడంలో రెండు తీరులు ఉన్నాయి. రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి వంతెన కట్టడం ఒకటి, గోడ మీద పొరలుగా పేరుకోవడం ఒకటి. మొదటి దాన్ని అల్ట్రాసౌండ్ బాగా విడగొడుతుంది. రెండో దానికి గోడ పక్కనే కూలే బుడగలు కావాలి.  కాబట్టి గోడ శుభ్రం చేయడానికి తక్కువ ఫ్రీక్వెన్సీ, రేణువులను గోడ నుంచి దూరంగా ఉంచడానికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ అన్న ఏర్పాటు అర్థవంతంగా ఉంటుంది.

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడలోని బల్క్ డ్రగ్ ప్లాంట్లకు ఇదంతా ఎంతవరకు పనికొస్తుంది? అక్కడ స్ఫటికాలు తీసేది వేల లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్లలో. తర్వాత సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్, పరిమాణం తగ్గించాల్సి వస్తే మైక్రోనైజర్. మైక్రోనైజర్‌లో స్ఫటికం ఉపరితలం దెబ్బతింటుంది, పొడి స్టాటిక్ పట్టి అంటుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోకి పీల్చే మందులకు 1 నుంచి 5 మైక్రాన్ల పొడి కావాలి కాబట్టి ఈ ఇబ్బంది అక్కడ ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో ప్రొసోనిక్స్ అనే సంస్థ అలాంటి మందుల కోసమే అల్ట్రాసౌండ్ స్ఫటికీకరణ మీద పనిచేసింది. నిరంతర ఉత్పత్తికి సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ13 కూడా 2022లో ఖరారైంది. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఫ్లో కెమిస్ట్రీకి ప్రత్యేక కేంద్రం ఉంది, వరంగల్ ఎన్ఐటీ కెమికల్ ఇంజినీరింగ్ విభాగంలో అల్ట్రాసౌండ్, కేవిటేషన్ (ద్రవంలో బుడగలు పుట్టి కూలడం) మీద పరిశోధన జరుగుతోంది. అడగడానికి మనుషులు దగ్గర్లోనే ఉన్నారు.

అయినా మొత్తం స్ఫటికీకరణను సన్నని గొట్టాల్లోకి మార్చాలనడం తొందరపాటే. పైన చెప్పిన గొట్టం రోజంతా పారినా ఒక లీటరుకు లోపే. వెయ్యి గొట్టాలు పక్కపక్కన పెడితే వాటన్నింటికీ ఒకే తీరున శబ్దం అందించడం ఇప్పటికీ తేలని ఇంజినీరింగ్ సమస్య. ఇంతకంటే ఆచరణకు దగ్గరగా ఉన్నది సీడ్, అంటే స్ఫటికీకరణ మొదలవడానికి వేసే కొద్దిపాటి స్ఫటికాల పొడి తయారీ. బ్యాచ్‌లో వేసే సీడ్ సాధారణంగా మొత్తం బరువులో ఒక శాతం దాకా ఉంటుంది. పాత బ్యాచ్ పొడిని మిల్ చేసి వాడటం వల్ల ఒక్కోసారి ఒక్కోలా ఉండే సీడే చాలా ఫిల్ట్రేషన్ సమస్యలకు మూలం. 200 కిలోల బ్యాచ్‌కు 2 కిలోల సీడ్ కావాలి. అల్ట్రాసౌండ్ ఉంటే కలపడానికి వ్యాపనం మీద ఆధారపడాల్సిన పని లేదు కాబట్టి గొట్టాన్ని 2 మిల్లీమీటర్లకు పెంచవచ్చు. అదే వేగంతో అందులో రోజుకు 13 లీటర్లకు పైగా పారుతుంది. పది శాతం ద్రావణమైతే గరిష్ఠంగా 1.3 కిలోల పదార్థం. రెండు గొట్టాలు, రెండు ట్రాన్స్‌డ్యూసర్లు, ఒక చిల్లర్ ఉంటే ఒక బ్యాచ్‌కు సరిపడా సీడ్ స్లర్రీ (స్ఫటికాలు కలిసి ఉన్న ద్రవం) ఒక రోజులో తయారవుతుంది. ఉన్న రియాక్టర్‌ను, సెంట్రిఫ్యూజ్‌ను కదపాల్సిన అవసరం రాదు. ఆ స్లర్రీ వేసిన బ్యాచ్, మామూలు సీడ్ వేసిన బ్యాచ్ పక్కపక్కన నడిపి ఫిల్ట్రేషన్ సమయాన్నీ, కేక్‌లో (ఫిల్టర్ మీద నిలిచే ముద్దలో) మిగిలిన తేమనూ, స్ఫటిక రూపాన్నీ పోల్చితే ఆ మందుకు అల్ట్రాసౌండ్ వల్ల లాభం ఉందో లేదో తేలిపోతుంది.